పొగగొట్టానికి కారం తగిలింది

మా సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం పొద్దుటి నుంచి గాలిని లోపలికి పీలుస్తోంది. కాకులు దాని దారికి అడ్డం పోకుండా చుట్టు తిరిగి వెళ్తున్నాయి. గేటు ముందు టీ కొట్లో గ్లాసుల మీద లేచిన ఆవిరి ఒకే వరసలో ఫ్యాక్టరీ వైపు నడుస్తోంది.

తప్పు నాదే. నా పేరు అంకారావు. ఇరవై ఏడేళ్లుగా ఇక్కడ సున్నపురాయిని కాల్చే బట్టీని మండించేది నేనే.

బొగ్గు తగ్గించాలని ఈ ఏడు పొలాల్లో మిగిలిన మిరప కట్టె తెచ్చి మండిస్తున్నాం. వచ్చే పొగను గాల్లోకి పోనివ్వకుండా పక్కనే కట్టిన కొత్త యూనిట్ పట్టుకుని ట్యాంకులో నింపుతుంది. నిన్న కట్టెతో పాటు దానికి అంటుకున్న తాలు మిరపకాయలు కూడా బట్టీలోకి పోయాయి. ఒక్కరూ దగ్గలేదు. మా వైపు మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తే ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టే లెక్క. ఆ ఘాటును కూడా కొత్త యూనిట్టే పట్టేసిందన్న ఆలోచన ఇంత అనుభవం ఉన్న నా బుర్రకు తట్టలేదు. బస్తా ఎండుమిరపకాయలు భుజానికెత్తుకుని, అరవై మీటర్ల బట్టీ చుట్టూ మూడుసార్లు తిరిగి, మొత్తం లోపల పోశాను. షిఫ్టులో ఉన్నవాళ్లంతా దణ్ణం పెట్టారు.

అంత ఘాటును యూనిట్ కూడా ఆపలేకపోయింది. పొగగొట్టానికి కారం తగిలింది. కారం తగిలిన నోరు ఏం చేస్తుందో అదీ అదే చేస్తోంది. ఉస్సు ఉస్సుమని పీలుస్తోంది.

క్వార్టర్స్‌లో దానికి అన్నిటికంటే దగ్గర ఇల్లు మాది. తొమ్మిదింటికి నా భార్య మస్తానమ్మ వదిలిన ఊపిరి కిటికీలోంచి బయటికి పోయి తిరిగి రాలేదు. ఇప్పుడామె మంచం మీద గంజి పెట్టిన చీరలా పల్చగా పడి ఉంది. అంచులు కిటికీ వైపు లేస్తున్నాయి. ఎగిరిపోకుండా కాళ్ల దగ్గర రుబ్బురోటి పొత్రం పెడతాను. ఆమె కళ్లు నన్నే చూస్తున్నాయి. ఊపిరి లేదు కనుక మాట లేదు.

కంపెనీ డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూస్తాడు. చెయ్యి కాగితంలా మడత పడుతుంది.

"సాయంత్రం నాలుగు దాకా పర్లేదు," అంటాడు. "గొట్టం పీల్చిందంతా యూనిట్ ట్యాంకులోనే ఉంటుంది. నాలుక్కి దాన్ని ఖాళీ చేసి గ్యాసును క్వారీ కింద భూమిలోకి పంపిస్తారు. అక్కడది రాయి అయిపోద్ది. ఆ తర్వాత నేను వచ్చినా చేసేదేం ఉండదు."

అదే మాట చీటీ మీద రాసిచ్చి, రోజుకు మూడు పూటలా చదవమంటాడు.

ముందు పొగగొట్టం ఆగాలి. యార్డులో వచ్చే వారం కోసం దించిన చెరకు పిప్పి ఉంది. కారానికి తీపి కన్నా మందేముంది? బెల్టు మీద నేనే ఎత్తి పోస్తాను. పొగగొట్టం చప్పరిస్తుంది. ఆ చప్పుడుకు కంట్రోల్ రూము అద్దాలు అదురుతాయి. తర్వాత అది నోరు మూసుకుంటుంది. గడియారంలో మూడున్నర.

బట్టీ నుంచి కొత్త యూనిట్‌కు రెండొందల అడుగుల దారి. ఇవాళ అది పొడుగవుతోంది. నేను ఎంత నడిస్తే పక్కన పైపు అంత పెరుగుతోంది. పరిగెత్తితే మరీ పెరుగుతోందని కనిపెట్టి, మామూలుగానే నడుస్తాను.

యూనిట్ చూసే ఇంజనీరు అలేఖ్య ట్యాంకు దగ్గర నిలబడి ఉంది. మా పక్క ఊరి పిల్లే.

"ఎవరి ఊపిరి కావాలి బాబాయ్?"

"మీ పిన్నిది."

"పేర్లు రాసుకోం కదా. పది పాళ్లలో నాలుగు కట్టెదీ బొగ్గుదీ. ఆరు పాళ్లు రాయిది. పిన్నిది ఏ మూలో ఒక్క గుక్క ఉంటది."

"రాయికి ఊపిరేందమ్మా?"

"మన సున్నపురాయి ఒకప్పుడు సముద్రం అడుగు బాబాయ్. అప్పుడు పీల్చుకున్నది లోపలే పెట్టుకుంది. మనం కాలిస్తే వదులుతోంది." వాచీ చూసుకుంటుంది. "రెండుసార్లు కుళాయి తిప్పుతా. వాసన చూసి మీరే తేల్చుకోండి. అంతకు మించి టైము లేదు."

నేను వెంట తెచ్చిన సైకిల్ ట్యూబును కుళాయికి తగిలిస్తుంది. మొదటిసారి టీ వాసన, వెనకే మిరప ఘాటు. దగ్గుతూ వదిలేస్తాను. రెండోసారి చల్లగా, ఉప్పగా వస్తుంది. వంట ముగించి వచ్చి పక్కన కూర్చున్నప్పుడు మస్తానమ్మ మెడ దగ్గర ఇలాంటి ఉప్పు వాసనే ఉంటుంది. ఇదేనని అనుకుంటాను. అనుకోకుండా ఉండే ధైర్యం నాకు లేదు.

"ఇదే," అంటాను.

"నిజంగా?"

"పట్టమ్మా!"

ట్యూబు నిండుతుండగానే కింద పంపు మొదలవుతుంది. మిగిలినదంతా భూమిలోకి పోతున్న చప్పుడు నా అరికాళ్లకు తెలుస్తోంది.

ఇంటికొచ్చి ట్యూబు మూతి ఆమె పెదాల మధ్య పెట్టి నొక్కుతాను. ముందు పాదాలు నిండుతాయి, తర్వాత పొట్ట, తర్వాత బుగ్గలు. మస్తానమ్మ లేచి కూర్చుంటుంది. నాకు ఏడుపొస్తుంది. సిగ్గుపడకుండా ఏడుస్తాను.

ఆమె ఊపిరి వదులుతుంది. గదిలోకి నీళ్లు వచ్చి మంచం కోళ్లు మునుగుతాయి. ఊపిరి తీసుకుంటుంది. నీళ్లు గడప దాటి వెనక్కి పోతాయి, నేల మీద తెల్లటి నురగ మిగులుతుంది.

"మస్తానూ, నేనెవర్నే?"

నన్ను ఎంతో దయగా చూస్తుంది. గొంతు ఆమెదే.

"ఇంకా ఎవరూ పుట్టలేదు," అంటుంది.

మళ్లీ వదులుతుంది. ఈసారి నీళ్లు నా నడుము దాకా వస్తాయి. గోడలు కనిపించడం లేదు. కాళ్లకు నేల అందడం లేదు. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంటాను. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. కళ్లు ఇంకా రాని చిన్న ప్రాణి ఏదో నీళ్లలోంచి పాకి వచ్చి, ముడిపడిన మా వేళ్ల మీద కూర్చుని, మెల్లగా తన చుట్టూ గవ్వ కట్టుకోవడం మొదలుపెడుతుంది.