ఏడుకొండలు ముక్కు కింద నేను

నేను ఒక పెట్టుడు మీసాన్ని. నవ్వితే నవ్వండి, నాకు అలవాటే. మీసమని గొప్పగా చెప్పుకుంటున్నాను గానీ నేను పుట్టింది ఒక ఆడమనిషి జడలో. ఆవిడ మొక్కు తీర్చుకుని గుండుతో ఇంటికి వెళ్లిపోయింది. మేము, అంటే ఆ తీసిన జుట్టంతా, మూటకట్టుకుని తెనాలిలో విగ్గులు కట్టే ఒక ముసలాయన దగ్గరికి చేరాం. మంచి జుట్టంతా రాణుల జడలకూ రుషుల గడ్డాలకూ పోగా, అడుగున మిగిలిన పిడికెడుతో నన్ను కట్టాడు. ఆయనకు చూపు సరిగ్గా ఆనేది కాదు. అందుకే నా కుడి కొస మెలితిరిగి ఆకాశంకేసి చూస్తుంది, ఎడమ కొస వాలిపోయి ఉంటుంది. ఒక పక్క మహారాజు, ఇంకో పక్క పెళ్లిలో భోజనం అందని చుట్టం.

వేషాలు అద్దెకిచ్చే కొట్లో చాలాకాలం ఉన్నాను. ఏ రాజు పెట్టుకున్నా అద్దం చూసుకుని వెంటనే పీకేసేవాడు. ఒకసారి ఒక రాక్షసుడు తెగించి నాతోనే స్టేజీ ఎక్కాడు. జనం అతన్ని హాస్యగాడనుకుని ఈలలు వేశారు. మర్నాడు కొట్టు యజమాని నన్ను చెత్తలో పారేయబోతుంటే ఏడుకొండలు అడిగి తీసుకున్నాడు.

ఏడుకొండలు రేపల్లె బస్టాండులో పగటివేషాలు వేసే మనిషి. ఆయనది ఇనస్పెక్టరు వేషం. అరటితొక్క రోడ్డు మీద పారేసినవాణ్ని, ఆకుకూరల బీబీజాన్ దగ్గర గీచిగీచి బేరమాడినవాణ్ని, బస్సు తప్పిపోయిందని పెళ్లాం మీద అరిచినవాణ్ని అక్కడికక్కడే విచారించి జరిమానా వేస్తాడు. జనం కడుపు చెక్కలయ్యేలా నవ్వి, ఆ జరిమానా ఆయన టోపీలో వేస్తారు. ఆయన మాత్రం ఎవరిముందూ చెయ్యి చాపడు. పొద్దున్నే నన్ను గమ్ముతో అంటించుకున్నాడంటే ఇంటికి చేరేదాకా ఇనస్పెక్టరే. జ్వరమొచ్చి ధర్మాసుపత్రికి వెళ్లి, ఆలస్యంగా వచ్చినందుకు డాక్టర్నే నిలదీశాడు. ఇదంతా నా ప్రతాపమేనని నేను గట్టిగా నమ్మాను. నా లెక్కలో ఆయన నన్ను మోసుకు తిరిగే మనిషి మాత్రమే.

అలా ఉండగా సుమేధ అనే అమ్మాయి ఆయన మీద డాక్యుమెంటరీ తీయడానికి హైదరాబాదు నుంచి కెమెరాతో వచ్చింది. బస్టాండులో కెమెరా దగ్గరికి జరిగినప్పుడల్లా నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. తీరా ఏడుకొండలు ఇంటికి వచ్చాక ఆ అమ్మాయి అన్న మొదటి మాట, "ఏడుకొండలు గారూ, ఆ మీసం ఒకసారి తీసేస్తారా? మీ అసలు ముఖం కావాలి."

నన్ను పీకి కిటికీలో పెట్టారు. నా తారాజీవితం అక్కడితో సరి.

తర్వాత ఆయన్ని గుమ్మంలో కూర్చోబెట్టి, చెయ్యి చాపమంది, కొంచెం కళ్లనీళ్లు పెట్టుకోమంది. ఏడుకొండలు చేతులు ముడుచుకున్నాడు. "అమ్మా, ఈ ఊళ్లో నన్ను ఇంతవరకూ ముష్టోడని ఎవురూ అన్లేదు. అట్టా కనపడితే రేపు నేను బస్టాండులో నిలబడలేను."

"ఇది మీ గౌరవం పెంచే సినిమా అండీ," అంది సుమేధ. అబద్ధం చెబుతున్నానని ఆమె అనుకోలేదు.

వేషం కట్టమని అడిగితే కాదనడం ఆయనకు చేతకాదు. "సరే, ఇదీ ఒక వేషమేనని అందులో చెప్పండి తల్లీ," అన్నాడు. ఆమె తలూపింది. ఆయన చెయ్యి చాపి, గొంతు సవరించుకుని, "ఏ కంట్లోంచి రానియ్యమంటారు?" అని అడిగాడు. అడిగినట్టే రప్పించాడు. కెమెరా వెనక ఆ అమ్మాయి నిజంగానే ఏడ్చేసింది. అంత గొప్ప నటన నేను లేకుండా జరగడం నాకు అస్సలు నచ్చలేదు.

కొన్నాళ్లకు ఆ సినిమా బస్టాండులోని టీకొట్టువాడి ఫోనులోకి వచ్చింది. అందరూ దాని మీదికి వంగారు. 'అంతరించిపోతున్న కళకు చివరి ఆనవాలు, యాచనతో పొట్టపోసుకుంటున్న వృద్ధుడు' అని సుమేధ గొంతు వినబడింది. వేషమన్న మాట ఎక్కడా రాలేదు. నా మీద పడే ఏడుకొండలు ఊపిరి ఆగిపోయింది.

ఆయన మామూలుగా, "ఏమయ్యా, ఇక్కడ పంచదార దొంగతనం జరిగిందట," అన్నాడు. టీకొట్టువాడు నవ్వలేదు, తల దించుకుని గ్లాసు చేతికిచ్చాడు. బీబీజాన్ గోంగూర కట్ట ఒకటి తెచ్చి, "ఉంచుకో అన్నా," అని చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఎవరికి జరిమానా వేసినా విచారణ దాకా రానివ్వకుండా టోపీలో డబ్బులు వేసి జాలిగా వెళ్లిపోయేవారు. నా కుడి కొస ఎంత పైకి లేచినా లాభం లేకపోయింది. ఆయన బస్టాండుకు వెళ్లడం మానేశాడు. ఆయన్ని చూస్తుంటే నాకు చాలా బాధగా ఉండేది. ఆ బాధలోనూ, మీసం తీయకపోతే ఇలా అయ్యేదా అని సణుక్కున్నాను.

ఇంతలో హైదరాబాదు నుంచి ఒక పార్సిలు వచ్చింది. సినిమా చూసి కరిగిపోయిన పెద్దమనిషెవరో తన పాత కోటూ, తెల్లటి చేతిరుమాలూ పంపాడు. ఏడుకొండలు ఆ కోటును చాలాసేపు తిప్పితిప్పి చూశాడు. తర్వాత అద్దం ముందు కూర్చుని మొహం నున్నగా గీసుకున్నాడు. నా కోసం చెయ్యి వస్తుందని కాచుకు కూర్చున్నాను. రాలేదు.

నన్ను వేషాల పెట్టెలో పడేసి, దాన్ని మోసుకుని బస్టాండుకు నడిచాడు. దాని మూత సరిగ్గా పట్టదు కాబట్టి అక్కడ జరిగిందంతా ఆ సందులోంచి చూశాను. కోటు తొడుక్కున్న ఏడుకొండలు రుమాలుతో కళ్లొత్తుకుంటూ టీకొట్టువాడి భుజం నిమిరాడు. "అయ్యో, అంతరించిపోతున్నావా నాయనా!" అన్నాడు. ఆగిన బస్సు చుట్టూ తిరిగి దాని రేకు కూడా నిమిరాడు. బీబీజాన్ నెత్తిన చెయ్యి పెట్టి, "ఎన్నాళ్లుంటావో ఏమో, ఒక ఫోటో దిగుదాం తల్లీ!" అన్నాడు.

"నేనెందుకు పోతానయ్యా, నీ దిక్కుమాలిన కోటు పోతది!" అంటూ ఆమె గోంగూర కట్టతో వెంటపడి తరిమింది. బస్టాండంతా ఒక్కసారి గొల్లుమంది. కండక్టరు బస్సు దిగొచ్చి మరీ, "ఇంకోసారి చెయ్యి పెద్దాయనా!" అన్నాడు.

మీసం ఏదని ఒక్కరూ అడగలేదు.