బక్కచిక్కిన గుర్రాల దరఖాస్తు

కొక్‌బెల్ అనే కొండ ఊరి గాలి సంగతి మీరు విని ఉండరు. ఓసారి ఒకాయన గడ్డం గీయించుకుని మంగలి కొట్లోంచి బయటికొచ్చాడు. అదే సమయానికి ఎదురింటాయన గడ్డం గాలికి ఎగిరొచ్చి ఈయన మొహానికి అతుక్కుంది. పాపం, మళ్లీ లోపలికెళ్లి కూర్చున్నాడు. అంతటి గాలికి కూడా కదలనిది ఆ ఊళ్లో ఒకటుంది. అది షేషెనాలి అనుమానం.

షేషెనాలి అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాడు. పరిశోధనంతా గుర్రప్పాల మీద. పాలు పులియబెట్టి కిమిజ్ చేస్తారు కదా, అందులో కంటికి కనపడని జీవాలు ఏమేం చేస్తాయో, ఏ గడ్డి తిన్న గుర్రం పాలు ఎలా పులుస్తాయో ఆయనకి తెలిసినంతగా ఆ కొండల్లో ఇంకెవరికీ తెలీదు. కానీ పొద్దున్నే సూర్యుడొచ్చినా ఎవరు పంపారని అడిగే రకం. నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్న భార్య బురుల్‌కాన్ టీ పోసిచ్చినా కప్పు ఎత్తి అడుగు చూసిగానీ తాగడు.

విశ్వవిద్యాలయానికి కొండమీద పాడిగుర్రాల మంద ఉంది. ఎన్నని అడక్కండి. షేషెనాలి లెక్కపెట్టడు, ఇంకొకర్ని లెక్కపెట్టనివ్వడు. మందని వేలుపెట్టి లెక్కపెడితే దిష్టి తగలదూ? ఎండాకాలమంతా ఆయనా బురుల్‌కానూ ఆ మందతోపాటు కొండమీదే, గుడారంలో ఉంటారు.

ఆ ఏడు మంచు కరుగుతుండగా విశ్వవిద్యాలయానికి పెద్దయిన రెక్టరు ఆయన్ని పిలిపించాడు.

"ఆగాయ్, గడ్డి కొనడానికి ఇంక మా దగ్గరేం లేదు," అన్నాడు. ఆగాయ్ అంటే అక్కడ మేష్టారన్నమాట. "బయటి సంస్థలు పరిశోధనలకి డబ్బులిస్తున్నాయంట. మీరూ ఒకటి తెచ్చుకోండి. మంద కొండ దిగే రోజుకి ఏ కబురూ రాకపోతే లారీ పంపిస్తా. కాజీకి అమ్మేద్దాం."

గుర్రం పక్కటెముకల మాంసాన్ని కొవ్వుతో సహా పేగులో కూరి చేస్తారు కాజీ. పెళ్లిళ్లలో షేషెనాలి కూడా లొట్టలేసుకుంటూ తిన్నవాడే. ఆ పూట మాత్రం ఎవరో తన పక్కటెముకలే తడిమినట్టయింది.

బయటి డబ్బుల వ్యవహారం చూడ్డానికి మెట్ల కింద చిన్న గది ఉంది. అందులో సైకాల్ అనే అమ్మాయి ఉద్యోగం చేస్తోంది. షేషెనాలి వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఎవరమ్మా వీళ్లు?"

"ఉత్తరాది దేశంలో ఒక సంస్థ, ఆగాయ్. కొండల్లో పశువుల మీద పరిశోధన చేసేవాళ్లకి డబ్బిస్తారు."

"ఎందుకిస్తారు?"

"పరిశోధన చెయ్యమని."

"అది సరే. ఎందుకిస్తారు?"

"వాళ్ల పనే అది ఆగాయ్."

"అడగందే అమ్మయినా పెట్టదు. వీళ్లేమో ఊరూరా కబురెట్టి రండి, పట్టుకెళ్లండి అంటున్నారు. మా నాన్న తోడేలుకి గొయ్యి తవ్వినప్పుడు కూడా ఇలాగే మంచి మాంసం ముక్క పైన పెట్టేవాడు."

సైకాల్ అలాంటి మాటలకి బెదిరే పిల్ల కాదు. ఒక్కో ప్రశ్నే చదువుతూ, ఆయన చేత జవాబు చెప్పిస్తూ, కంప్యూటర్లో కొట్టుకుంటూ పోయింది. అంతా సాఫీగా సాగి ఒకచోట ఆగింది. మీ పని ఎందుకు గొప్పది? మీ మంద ఎంత మేలైనది? అందరిలోకీ మీరే ఎందుకు తగినవారు?

షేషెనాలి లేచి నిలబడ్డాడు. "చూశావా, గాలం ఎక్కడుందో."

"గాలమేంటి ఆగాయ్, మన గొప్ప మనం చెప్పుకోవాలి. అందరూ చెప్పుకుంటారు."

"మన నోటితోనా?"

కొక్‌బెల్‌లో పసిపిల్ల ఎంత ముద్దుగా ఉంటే అంత గట్టిగా 'ఛీ, కోతిమొహం' అంటారు. గుర్రప్పిల్ల మంచిది పుడితే ముట్టె మీద మసి పూస్తారు. అలాంటి ఊరివాణ్ణి పట్టుకుని నీ మందని పొగుడుకో అంటే ఎలా? సైకాలే ఏదో నచ్చజెప్పి, ఆయన పని గురించీ మంద గురించీ తనకి తెలిసిన మంచంతా రాసింది. పంపే గడువు ఆ సాయంత్రమే. అక్కకూతురి పెళ్లికి టైమైపోతోందని, "ఒక్కసారి చదువుకుని ఈ మీట నొక్కండి, చాలు," అని చెప్పి వెళ్లిపోయింది.

షేషెనాలి చదివాడు. చదువుతుంటే తన గుర్రాలన్నింటినీ ఎవరో సంతలో నిలబెట్టి, వచ్చేపోయేవాళ్లందర్నీ పిలిచి చూపిస్తున్నట్టనిపించింది. గుమ్మంవైపు చూశాడు. ఎవరూ లేరు. సైకాల్ రాసిందంతా చెరిపేసి రెండువేళ్లతో తనే కొట్టాడు. 'మావి బక్కచిక్కిన గుర్రాలు. పాలు నీళ్లలా ఉంటాయి. చలికాలం గడ్డి అంతంతమాత్రం. నేను కూడా పెద్దగా పనికొచ్చేవాణ్ణి కాదు.' మళ్లీ చదువుకుంటే మనసు కుదుటపడింది. మీట నొక్కాడు.

ఎండాకాలం సగం గడిచాక ఒకరోజు సైకాల్ కొండమీదికి రొప్పుకుంటూ వచ్చింది.

"ఆగాయ్, ఏం రాశారు మీరు?"

"మర్యాదగా రాశా."

"గుర్రాల్ని మాడ్చి చంపుతున్నామని రాశారు. ఎముకలు బయటపడుతున్నాయని వాళ్లనుకుంటున్నారు. చూసి రమ్మని పశువుల డాక్టర్ని పంపిస్తున్నారు, రేపొస్తోంది. నిజమేనని ఆవిడ రాసిందంటే మనకి వాళ్లే కాదు, ఇంకెవ్వరూ ఇవ్వరు. మిగిలేది లారీయే."

షేషెనాలి గడ్డం నిమురుకున్నాడు. "అక్కణ్ణించి ఇక్కడిదాకా, నా గుర్రం ఒళ్లు చూడ్డానికే వస్తోందా? డాక్టరేనని ఎవరు చెప్పారు?"

"ఉత్తరం వచ్చింది కదా."

"ఉత్తరం నేనూ రాస్తా. రెక్టరు అప్పుడే కాజీ బేరగత్తెని మాట్లాడుకుని ఉంటాడు. డాక్టరంటే మనం నోరెత్తమని."

"అపా, మీరన్నా చెప్పండి," అంది సైకాల్ బురుల్‌కాన్‌తో. అపా అంటే అక్కడ పెద్దావిడన్నమాట.

"పెళ్లిచూపులకొచ్చినప్పుడు నా పళ్లు సొంతవేనా అని మా అమ్మనడిగాడు తల్లీ. ఈయనకి నేనేం చెప్తాను," అంది బురుల్‌కాన్.

మర్నాడు ఆ డాక్టరు, హెల్వి, వచ్చింది. ఎంత పొడవంటే, గుడారంలోకి రావడానికి ఆవిడ వాగు దగ్గర్నించే వంగడం మొదలుపెట్టింది. అక్కడ అందరికీ వచ్చిన రష్యన్ బాగానే మాట్లాడుతుంది. వచ్చిన మనిషిని పనేంటని అడక్కూడదు కాబట్టి ఎవరూ అడగలేదు. కిమిజ్ పోశారు. గిన్నె ఖాళీ చేసి మళ్లీ చాపింది. బేరగత్తెకి కడుపు గట్టిదే అనుకున్నాడు షేషెనాలి.

తాగడం అయ్యాక హెల్వి మందలోకి వెళ్లింది. ఒక్కో గుర్రం పక్కన నిలబడి, అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి పక్కటెముకల మీద నొక్కుతోంది. మెడమీద జూలు కింద కొవ్వు పట్టి చూస్తోంది. పెదవి ఎత్తి పళ్లు చూస్తోంది.

"చూడు, చూడు," అన్నాడు షేషెనాలి భార్య చెవిలో. "కాజీ బేరగాళ్లు అచ్చం ఇలాగే తడుముతారు."

ఇంక ఆయన ఊరుకోలేదు. బేరం చెడగొట్టాలంటే సరుకు బాగాలేదని చెప్పాలిగా. హెల్వి వెనకే తిరుగుతూ మొదలుపెట్టాడు.

"ఏం లేదమ్మా దాని ఒంట్లో. కొవ్వనేది మచ్చుకి కూడా దొరకదు."

హెల్వి కనుబొమలు ముడిచింది. "చేతికి తగులుతోందే. పోయిన చలికాలం ఏం పెట్టారు వీటికి?"

"మంచు."

"మంచా?"

"మంచు నాకి బతికాయి. వారానికోసారి నా టోపీ కూడా తిన్నాయి."

సైకాల్‌కి దగ్గు తెర వచ్చింది. ఆయన మోచెయ్యి పట్టి గుంజింది. ఆయన విదిలించుకున్నాడు.

"ఆ ముసలి గుర్రానికి ఏమైంది?" అంది హెల్వి.

"దాని జోలికి పోకండి. మూడు పగళ్లు ఉడకేసినా ఉడకదు."

"ఉడకెయ్యడమేంటి?"

ఎంత బాగా నటిస్తోందో అనుకున్నాడు షేషెనాలి. హెల్వి తన పుస్తకంలో ఏదో రాసుకుంది. అది చూసి సైకాల్ మొహం సున్నం కొట్టినట్టయింది. మేష్టారు తన నోటితోనే తన మందని లారీ ఎక్కిస్తున్నాడు. చెబితే నమ్మడు.

ఉడకదన్న ఆ ముసలి గుర్రం మందకి ఎడంగా, వెనక కాలు ఒకటి నేలమీద ఆన్చకుండా నిలబడి ఉంది. అది మామూలు గుర్రం కాదు. ఒకప్పుడు తన్నితే రెక్టరుగారి టోపీ పక్క జిల్లాలో దిగింది, పోస్టులో తెప్పించుకున్నాడు. హెల్వి దాని తోకవైపు నించే వెళ్లింది. నడుం నిమురుతూ, తన భాషలో ఏదో గొణుగుతూ, ఆ కాలెత్తి మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. కత్తి ఇమ్మని చెయ్యి చాపింది. బురుల్‌కాన్ ఇచ్చింది.

గిట్టలో రాయి దిగి లోపల చీము పట్టింది. హెల్వి కొంచెం కొంచెంగా గీరింది. గుర్రం ఒళ్లు జలదరించినప్పుడల్లా ఆగి మాట్లాడింది. రాయి ఊడొచ్చినప్పుడు చీము ఎగజిమ్మి ఆవిడ గడ్డం మీదా చొక్కా మీదా పడింది. తుడుచుకోలేదు. కడిగి, మందేసి, గుడ్డ కట్టి, అప్పుడు కాలు దింపింది. నడుం పట్టేసి అలాగే వంగి కాసేపు నిలబడింది.

షేషెనాలి కన్నార్పకుండా చూస్తున్నాడు.

"లారీ దాకా నడవాలిగా, అందుకే," అన్నాడు చివరికి. గొంతులో మునుపటి గట్టిదనం లేదు.

"లారీ గుడారం దాకా వస్తుందయ్యా," అంది బురుల్‌కాన్. "కొయ్యబోయే గుర్రానికి గిట్ట బాగుచేసే బేరగాణ్ణి నువ్వెప్పుడన్నా చూశావా?"

షేషెనాలి ఆలోచించాడు. తన జన్మలో చూసిన బేరగాళ్లందర్నీ వరసగా గుర్తుచేసుకున్నాడు. అందరూ పక్కటెముకలు నొక్కినవాళ్లే, పళ్లు చూసినవాళ్లే. గిట్ట ముట్టుకున్నవాడు ఒక్కడు లేడు. గిట్టతో కాజీ ఎవరు చేస్తారు?

మొహం కడుక్కుంటున్న హెల్వి దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

"డాక్టరమ్మా, నేను అబద్ధం చెప్పా."

"ఏది అబద్ధం?"

"అంతా. కాగితం మీద రాసింది కూడా."

"మరి నిజమేంటి?"

నిజం చెప్పాలంటే పొగడాలి. ఆరుబయట, పరాయి మనిషి ఎదుట, అదీ నీలికళ్ల మనిషి ఎదుట. నీలికళ్ల దిష్టి మరీ చెడ్డదని అక్కడి నమ్మకం. చెప్తే దిష్టి, చెప్పకపోతే లారీ. మంద వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు.

"చెప్తా. ముందు మీరు చేతులు జేబుల్లో పెట్టుకోండి. వేళ్లతో లెక్కపెట్టకూడదు. నేను ఒక్కోదాని గురించీ చెప్పినప్పుడల్లా ఎడమవైపు తిరిగి తుఫ్ తుఫ్ అని ఉమ్మాలి."

"ఎందుకు?"

"మీ కళ్లు నీలంగా ఉన్నాయి. మీ తప్పు కాదనుకోండి."

హెల్వి ఆయన మొహంలోకి చూసింది. ఏమనుకుందో, చేతులు జేబుల్లో పెట్టుకుంది. బురుల్‌కాన్ దిష్టి పోవడానికి ఆర్చా చెట్టు కొమ్మ అంటించి అందరి చుట్టూ పొగ తిప్పింది. షేషెనాలి ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"ఆ నుదుట చుక్కది ఉంది చూశారా, దాని పాలు పులిస్తే ఆ వాసనకి వాగవతలి గుడారాలవాళ్లు కూడా గిన్నెలు పట్టుకొస్తారు. ఇదిగో ఈ ఎర్రది, తల్లి చచ్చిన పిల్లలకి కూడా పాలిస్తుంది, ఏ గుర్రం ఇస్తుంది అలా? పోయిన చలికాలం కింద మంచు కొట్టం కప్పుదాకా వస్తే నేనూ నా శిష్యులూ సొరంగం తవ్వి గడ్డి మోశాం. ఒక్కటంటే ఒక్కటి నీరసించలేదు. ఆ ముసల్ది..." ఆగాడు. "నా పరిశోధన మొదలైంది దాని తల్లి పాలతో. దాన్ని మించింది ఈ కొండల్లో లేదు."

హెల్వి బుద్ధిగా ఉమ్మింది. సైకాల్ కూడా ఉమ్మింది. షేషెనాలికి చెమటలు పట్టాయి. సొంత పిల్లల్ని అందంగా ఉన్నారని బజార్లో కేకేసి చెప్పినవాడిలా తలొంచుకుని నిలబడ్డాడు.

"ఇదంతా దరఖాస్తులో రాయాల్సింది," అంది హెల్వి.

"ఆ కాగితం ఎంతమంది కళ్లలో పడుతుందో. అక్కడ ఎవరుమ్ముతారు?"

హెల్వి నవ్వలేదు. "డబ్బిచ్చేది నేను కాదు. పశువులు బాగున్నాయని రాస్తాను. మిమ్మల్ని మళ్లీ రాసి పంపనివ్వమని అడుగుతాను. అంతవరకే నా చేతిలో ఉంది."

ఆవిడ వెళ్లిపోయింది. సైకాల్ కొత్త దరఖాస్తు కోసం అక్కడే కూర్చుని, ఆయన చెప్పిందంతా ఒక్క మాట మార్చకుండా రాసుకుని కిందికి పట్టుకెళ్లింది. ఆ కొండమీద ఫోను పలకదు. వాగు సన్నబడింది, గడ్డి పసుపెక్కింది, కింద నుంచి ఏ కబురూ రాలేదు. "ఉమ్మడం సరిపోలేదేమో," అంటాడు షేషెనాలి రోజూ. "నోర్మూసుకుని పాలు పితుకు," అంటుంది బురుల్‌కాన్.

మంద దిగాల్సిన రోజు పొద్దున్నే దుమ్ము లేచింది. లారీ.

షేషెనాలి మందకీ దారికీ మధ్య వెళ్లి నిలబడ్డాడు. బురుల్‌కాన్ వచ్చి పక్కన నిలబడింది. లారీ మలుపు తిరిగి పైకొచ్చింది. వెనకంతా గడ్డిమోపులు, తాళ్లు బిగించి, ఆకాశమంత ఎత్తు. పైన సైకాల్ కూర్చుని టోపీ ఊపుతోంది.

"ఇచ్చారు ఆగాయ్," అని అరిచింది. "మూడేళ్లకి. రెక్టరుగారు గడ్డితో మొదలుపెట్టమన్నారు. ఇదంతా తన ఆలోచనేనని ఆయన ఊరంతా చెప్పుకు తిరుగుతున్నారు."

బురుల్‌కాన్ తలగుడ్డ కొసతో కళ్లొత్తుకుంది. షేషెనాలి మాత్రం లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. పైమోపు వదిలేసి, మధ్యలో ఉన్నదాంట్లోకి చెయ్యి దూర్చి గుప్పెడు గడ్డి లాగాడు. వాసన చూశాడు. నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. తరవాత ముసలి గుర్రం దగ్గరికెళ్లి, గుప్పిట్లో మిగిలింది దాని మూతి ముందు పెట్టాడు.