అందరికీ ఒకే కాటా

అసిరమ్మకు చదువు రాదు. అందుకే టెక్కలిలోని విశ్వవిద్యాలయ సముద్ర పరిశోధన కేంద్రం వరండాలో, గోడ మీది బోర్డును కోడలు జ్యోత్స్న చేత రెండుసార్లు చదివించుకుంది. ఆడా మగా, కులమూ మతమూ అనే తేడా లేకుండా ఉద్యోగాల్లో అందరినీ సమానంగా చూస్తామని ఉంది అందులో. ముప్పయ్యేళ్లుగా పలాస బజార్లో చేపలమ్ముతున్న మనిషికి ఆ మాట భలే నచ్చింది.

పడవ మీద వెళ్లి సముద్రం నీటి నమూనాలు పట్టుకొచ్చే ఉద్యోగమది. ఉన్నది ఒక్కటే ఖాళీ. రాతపరీక్షలో జ్యోత్స్నే ఫస్టు. ఇక ఈ ఇంటర్వ్యూ ఒక్కటీ గట్టెక్కాలి.

కోడలిని లోపలికి పిలవగానే అసిరమ్మ ఎనిమిది నెలల మనవరాలిని చంకనేసుకుని కిటికీ దగ్గర చేరింది. జ్యోత్స్న అడిగిన వాటన్నిటికీ టకటకా చెప్పేసింది. అంతా అయ్యాక ఇంటర్వ్యూ చేసేవాళ్లలో పెద్దాయన నీలకంఠం మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"బాగా చెప్పావమ్మా. కానీ చంటిపిల్ల తల్లివి. నువ్వు పడవెక్కితే పిల్లనెవరు చూస్తారు?"

అసిరమ్మకు ఒళ్లు మండిపోయింది. కిటికీలోంచే కేకేసింది.

"ఏటి బాబూ, ఆ మాట మగోలని కూడా అడుగుతారా? బజార్లో ఒకలికి ఓ కాటా, ఇంకొకలికి ఇంకో కాటా ఎడితే జనాలు ఊరుకుంటారేటి? గోడ మీద మీరే రాసినారు గదా!"

మాస్టారు చెడ్డవాడు కాదు, పాత అలవాటు కొద్దీ అడిగాడంతే. ముందు కంగారుపడి, తర్వాత నవ్వేశాడు. "నిజమేనమ్మా. అందరినీ అడుగుతాం."

తర్వాత వెళ్లినవాడు నందిగాం పాపారావు, ఇద్దరు పిల్లల తండ్రి. అదే ప్రశ్న వేసేసరికి తెల్లమొహం వేశాడు.

"మా ఇంటిది ఉంటాది గదండీ."

"పోనీ, చిన్నవాడు ఎన్నో క్లాసు?"

"రెండండీ... కాదు, మూడేమో. ఓపాలి ఫోన్ సేసి కనుక్కుంటానండీ."

లోపల నవ్వులే నవ్వులు. మాస్టారు ఆ ప్రశ్నను అందరికీ కొట్టేయించి, చదువుకీ పనికీ మాత్రమే మార్కులు వేయించాడు. సాయంత్రం జాబితాలో మొదటి పేరు జ్యోత్స్నదే. సోమవారం నుంచి పనిలో చేరమన్నారు.

బస్సులో అసిరమ్మ సంతోషం పట్టలేక పక్క సీటు వాళ్లక్కూడా కథంతా చెప్పింది. జ్యోత్స్న మెల్లగా అడిగింది.

"అత్తా, నువ్వు బజారుకెళ్లిపోతే నిజంగా పిల్లనెవులు సూత్తారు?"

ఊరందరికీ ఒకే కాటా అని అరిచింది గానీ అసిరమ్మ, పిల్లనెవరు చూస్తారని కన్నకొడుకును మాత్రం ఏనాడూ అడగలేదు. సిగ్గేసింది.

ఇంటికొచ్చేసరికి కొడుకు కామేశ్ వల ఆరేసి, అరుగు మీద ఫోన్ చూసుకుంటున్నాడు. అసిరమ్మ ఫోన్ లాగేసి, పిల్లని వాడి ఒళ్లో పెట్టింది.

"సముద్రంలో ఏటకెళ్లి నువ్వొచ్చేదాకా నాను సూత్తాను. నువ్వొచ్చినాక సేపలట్టుకుని బజారుకెళ్లాల. నీ పెళ్లాం పడవలో ఉంటాది. అప్పుడు పిల్లనెవులు సూత్తారు?"

కామేశ్ కూడా అచ్చం పాపారావులాగే తెల్లమొహం వేశాడు. పిల్ల వాడి మీసం అందుకుని గట్టిగా లాగింది.

"నానే గావాల," అన్నాడు, కాబోలన్నట్టు నసుగుతూ.

"గావాల కాదు. సోమారం నుంచి నువ్వే," అంది అసిరమ్మ.