తడి చిరునామాలు స్వీకరించబడవు

పోస్టాఫీసు వరండాలో, జిగురు గిన్నె పక్కన, కర్రబల్ల వేసుకుని కూర్చునే పెద్దావిడని అందరూ చిరునామాల పెద్దమ్మ అనేవారు. ఉత్తరం ఎవరైనా రాసుకోగలరు. ఏడుపైనా పోట్లాటైనా ఎవరిది వాళ్ళే రాసుకోవాలి కూడా. చిరునామా మాత్రం పని తెలిసిన చేత్తో రాయించుకోవాలని, ఉత్తరం ఒకసారి తిరిగొచ్చిన వాళ్ళందరికీ తెలుసు.

ఎవరు వచ్చినా ఆమె ముందుగా కార్డుని బల్ల మీద అడ్డంగా పెట్టి, మధ్యలో ఉన్న గీత మీద వేలు వేసేది.

"ఈ గీతకి ఎడమపక్క మీ ఇష్టం. కుడిపక్క పోస్టాఫీసు వాళ్ళ ఇష్టం. మీ కబుర్లు గీత దాటి ఇవతలికి రాకూడదు."

పై మూల స్టాంపుకి రెండు వేళ్ళ మేర వదలాలి. అడుగున ముద్ర కోసం ఒక వేలు మేర వదలాలి. పేరు ఒక లైను, ఇంటి నంబరూ వీధీ ఒక లైను, ఊరు ఒక లైను, చివర పిన్‌కోడు గడికొక అంకె. లైన్లు కొండెక్కకూడదు, లోయలోకి జారకూడదు. కవరు అరచేతికన్నా చిన్నదైతే తీసుకోరు. గుండుసూది గుచ్చితే అసలు తీసుకోరు, ముద్రలు వేసేవాడి వేళ్ళు కూడా వేళ్ళే కదా.

ఇవన్నీ అయ్యాక సిరా ఆరాలి. చిరునామా పూర్తిగా, తప్పు లేకుండా ఉండి, ఆ మనిషి రోజూ ఆ ఇంట్లోనే పడుకుని అక్కడే లేస్తుంటే, సిరా రాసిన మరుక్షణం ఆరిపోతుంది. అలా కాకపోతే ఆరదు. ఎండలో పెట్టినా ఆరదు, ఊదినా ఆరదు, పెట్టెలో పెట్టి ఏడాది దాచినా ఆరదు. ఎప్పుడో ఒకనాడు ఆ మనిషి వచ్చి ఆ గడపలో ఒక్క రాత్రి నిద్రపోతే మాత్రం, కార్డు ఎక్కడున్నా ఆరి ఊరుకుంటుంది. అందుకే కౌంటరు వెనక గోడ మీద బోర్డు ఉండేది: "గుండుసూదులు, చిరిగిన కవర్లు, తడి చిరునామాలు స్వీకరించబడవు." కౌంటరు గుమస్తా ప్రతి కార్డు మీదా బొటనవేలితో ఒక్కసారి రుద్దేవాడు. మరక అంటిందా, కార్డు వెనక్కి వచ్చేది.

ఒకాయన హాస్టల్లో చదువుతున్న కొడుక్కి రాయిస్తే వరసగా రెండు రోజులు సిరా ఆరలేదు. "పెద్దమ్మా, నీ సిరా మంచిది కాదు" అని మొదట తిట్టాడు. మూడోరోజు బస్సెక్కి వెళ్ళి, సినిమా హాలు పక్క గదిలో కాపురం పెట్టిన కొడుకుని చెవి పట్టుకుని తీసుకొచ్చాడు. తిరిగొచ్చి సిరాకి దణ్ణం పెట్టాడు.

ఇలా నవ్వుతూ సాగే పనిలోకి భయం ఒకరోజు మెల్లిగా నడిచి వచ్చింది. చెప్పులు కూడా చప్పుడు చెయ్యలేదు.

వచ్చినవాడు వేరే ఊరి తాళాల మేస్త్రీ. పోయిన తాళంచెవులకి మారు చెవులు చేసేవాడు. శుభ్రమైన చొక్కా, తక్కువ మాట. బల్ల మీద కొత్త కార్డుల కట్టా, ఒక లిస్టూ పెట్టాడు.

"నమస్కారం పెద్దమ్మగారూ. నా రాత కోడిగీతలండీ. కొంచెం మీరే రాసిపెట్టాలి. మా ఆవిడ చెప్పకుండా వెళ్ళిపోయింది. ఎక్కడ ఆరితే అక్కడికి వెళ్ళి తెచ్చుకుంటాను."

"పేరు?" అంది పెద్దమ్మ.

అతను చెప్పాడు. పెద్దమ్మ పాళీ సిరాబుడ్డి అంచుకి టకటకా కొట్టుకుంది. ఆ పేరుగల మనిషి నలభై రోజులుగా ఆమె ఇంట్లోనే, వెనక గదిలో, కవర్లు అంటిస్తూ బతుకుతోంది.

నలభై రోజుల కిందట ఆ అమ్మాయి బస్సు దిగి, వాళ్ళమ్మకి కార్డు రాయించుకోవడానికి ఇదే బల్ల దగ్గరికి వచ్చింది. కార్డు కదలకుండా ఎడమచేత్తో నొక్కిపట్టమంటే రెండు వేళ్ళు వంగలేదు.

"ఏమయ్యాయమ్మా?"

"తలుపు సందులో పడ్డాయండి."

"పడ్డాయా, పెట్టారా?"

అమ్మాయి తల వంచుకుంది. పెద్దమ్మ పాళీ తుడిచి, బల్ల మడిచి, ఆమెని వెంటబెట్టుకుని ఇంటికి పోయింది. ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఆ తలుపు మూసినవాడు ఎదురుగా కూర్చున్నాడు. రాయనంటే అనుమానపడతాడు, పైగా ఇంకొకరి చేత రాయిస్తాడు. పెద్దమ్మ రాసింది. అమ్మాయి పుట్టిల్లు రాసింది. మేనమామ ఇల్లు, చిన్ననాటి స్నేహితురాలి ఇల్లు, రెండు ఆసుపత్రులు, ఒక ఆడవాళ్ళ హాస్టలు రాసింది. ఏదీ ఆరలేదు. అతను విసుక్కోలేదు. ఒక్కొక్క తడి కార్డునీ అంటుకోకుండా పుల్లలు అడ్డం పెట్టి రేకుపెట్టెలో పేర్చుకున్నాడు.

"పారెయ్యకూడదండీ" అన్నాడు మెల్లిగా. "రోజూ పొద్దున్నే ఒకసారి అన్నీ తడిమి చూసుకుంటా. ఇవాళ లేకపోయినా రేపు వెళ్తుంది కదా, ఎక్కడికో అక్కడికి."

అంటే ఆ పెట్టెలో ఉన్నవి కార్డులు కావు, బోనులు. పుట్టింట్లో ఒక్క రాత్రి తల వాల్చినా చాలు.

మర్నాడు అతనికి ఒక బస్సు కండక్టరు ఎదురుపడ్డాడు. ఆనవాళ్ళు చెబితే, ఆ మనిషి ఈ ఊళ్ళోనే దిగింది అన్నాడు. దాంతో మేస్త్రీ తన తమ్ముణ్ణి బస్టాండులో కూర్చోబెట్టి, ఊళ్ళోని వీధులన్నీ లిస్టు కట్టాడు. ఒక చివర నుంచి మొదలుపెట్టి ఇంటింటికీ ఒక కార్డు. రోజుకి నలభై ఇళ్ళు. పెద్దమ్మ తన వీధి ఎన్నో వరసలో వస్తుందో వేళ్ళ మీద లెక్క చూసుకుంది. ఐదో రోజు.

రెండోరోజు ఆమె ఒక పని చేసి చూసింది. పిన్‌కోడులో ఆఖరి అంకె కావాలని మార్చి రాసింది. తప్పు చిరునామా ఎలాగూ ఆరదు, ఇలాగే అన్నీ రాసుకుంటూ పోవచ్చు అనుకుంది. మేస్త్రీ కార్డు పట్టుకుని నేరుగా కౌంటరు దగ్గరికి నడిచాడు.

గుమస్తా కళ్ళజోడు సర్దుకుని, "పెద్దమ్మా! మీరు తప్పు రాయడమా! ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి!" అని వరండా అంతా వినిపించేలా అరిచాడు. పాపం అతనికి రూళ్ళు తప్ప లోకం తెలియదు.

"వయసు మీద పడింది కదండీ" అన్నాడు మేస్త్రీ నవ్వుతూ. అప్పటి నుంచి ప్రతి కార్డూ గుమస్తాకి చూపించి, సరిగ్గా ఉందనిపించుకునే రేకుపెట్టెలో పెట్టాడు.

నాలుగో రోజు దర్జీల వీధి. తొమ్మిదో నంబరు ఇల్లు రాయగానే సిరా చటుక్కున ఆరిపోయింది.

మేస్త్రీ బొటనవేలితో ఒకసారి రుద్దాడు. రెండోసారి రుద్దాడు. వేలు శుభ్రంగా ఉంది. "ఆరింది" అని తనలో తను అనుకున్నట్టుగా అని, చొక్కా జేబులోంచి సన్నటి ఇనపకడ్డీలు తీసి ఒకసారి చూసుకుని వెళ్ళిపోయాడు.

గంటలో తిరిగొచ్చాడు, నెత్తి మీంచి సబ్బునీళ్ళు కారుతూ. వెనకే సగం వీధి వచ్చింది.

"మా అవ్వ పేరు కూడా అదేనండీ!" అని ఒక దర్జీ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "కడ్డీలతో తాళం తీసి లోపలికొచ్చాడు. ఆవిడకి ఎనభై ఏళ్ళు. 'ఎవర్రా నువ్వు, నేనెప్పుడు నీ పెళ్ళాన్నయ్యాను' అని బట్టలు ఉతికిన నీళ్ళు నెత్తిన గుమ్మరించింది!"

వరండా అంతా నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు. అందరూ ఆపేశాక కూడా కాసేపు నవ్వాడు.

"ఇలా అయితే కుదరదు పెద్దమ్మగారూ" అన్నాడు తల తుడుచుకుంటూ. "ఆ పేరు ఊళ్ళో ఎంతమందికుందో. ఇకనుంచి పేరు కింద నా పేరు వెయ్యండి. ఫలానా తాళాల మేస్త్రీ భార్య అని."

"రూలు కూడా అదేనండీ" అని గుమస్తా లోపలి నుంచి వంతపాడాడు. "ఒకే ఊళ్ళో ఒకే పేరు ఇద్దరికుంటే తండ్రి పేరో భర్త పేరో వెయ్యాలి. నేను ముందే చెప్పాల్సింది."

ఆ సాయంత్రం పెద్దమ్మ ఇంటికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. అమ్మాయి కవరు అంచు మడిచి, జిగురు రాసి, నొక్కి పెట్టి, ఇంకో కాగితం తీసుకుంది. చేతులు ఆగలేదు.

"రేపు మన వీధేనా పెద్దమ్మా?"

"రేపే."

"పక్కింటికి పోయి పడుకుంటే?"

"పక్కిల్లు కూడా వాడి లిస్టులో ఉంది తల్లీ. బస్టాండులో వాళ్ళ తమ్ముడున్నాడు."

"అయితే నేనే వెళ్ళిపోతా వాడి దగ్గరికి. మీ తలుపు విరగ్గొట్టడం దేనికి?"

"తలుపు పాతదే. విరిగితే కొత్తది పెట్టిస్తా. నోరు మూసుకుని అంటించు."

అమ్మాయి నాలుగు కవర్లు అంటించి, ఐదోది చేతిలో పట్టుకుని ఉండిపోయింది. "పదకొండేళ్ళు మేస్త్రీ పెళ్ళామా అనే పిలిచారు అందరూ. నేను పలికాను. ఇప్పుడు అలా రాస్తే ఆరదంటారా?"

కాగితాల మీద ఎవరు ఎవరికి భార్యో సిరా చూడదని పెద్దమ్మకి తెలుసు. మరి ఏం చూస్తుందో తెలియదు. మనిషి లోపల ఏముందో చూస్తుందనుకుంటే, లోపల ఇంకా భయమే ఉంది, ఆ భయం వాడిదే. "నాకు తెలీదమ్మా" అంది నిజాయితీగా. ఇద్దరూ భోజనం ముట్టుకోలేదు.

మర్నాడు పదిగంటలకి మేస్త్రీ వచ్చాడు. వీధి ఈ చివర నుంచి ఒక్కొక్క ఇల్లే రాయించాడు. పదకొండు తడి. పన్నెండు తడి. పదమూడో నంబరు చెప్పేసరికి పెద్దమ్మ పాళీ ఎత్తింది.

"అది మా ఇల్లే బాబూ" అంది నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"తెలుసండీ" అన్నాడు. "ఒక్క ఇల్లు వదిలేస్తే మిగతావన్నీ రాయించి ప్రయోజనం ఏముంది చెప్పండి?"

ఆమె రాసింది. మొదటి లైను అమ్మాయి పేరు. రెండో లైను, ఫలానా తాళాల మేస్త్రీ భార్య. మూడో లైను తన ఇంటి నంబరు, తన వీధి. ముప్ఫై ఏళ్ళుగా నిటారుగా నిలబడిన అక్షరాలు ఆ రోజు కొంచెం పక్కకి ఒరిగాయి. పిన్‌కోడు ఆఖరి గడిలో అంకె వేసి చెయ్యి తీసింది. అక్షరాలు మెరుస్తున్నాయి. అప్పుడే వేసిన సిరా ఏదైనా మెరుస్తుంది, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం.

మేస్త్రీ వంగి చూశాడు. ఊదాడు. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె జిగురు గిన్నెలోకి చూసింది. అతను బొటనవేలు కార్డు మీద పెట్టి, పేరు దగ్గర నుంచి కిందికి మెల్లిగా లాగాడు.

వేలు నల్లగా వచ్చింది.

అతను కార్డుని గుమస్తాకి చూపించాడు. "చిరునామా అక్షరం తప్పు లేదండీ" అన్నాడు గుమస్తా. "కానీ తడి. అలాంటి మనిషి అక్కడ లేదు." మేస్త్రీ కార్డుని వరండా బయటికి తీసుకెళ్ళి ఎండలో పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత దానికి పుల్లలు అడ్డం పెట్టి రేకుపెట్టెలో దించి, "పద్నాలుగు" అన్నాడు.

వీధులన్నీ అయిపోయాక తమ్ముణ్ణి తీసుకుని పక్క ఊరి బస్సెక్కాడు. రేకుపెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇది విని అమ్మాయి ఎగిరి గంతేస్తుందని పెద్దమ్మ అనుకుంది. కానీ అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. రెండు రోజులు ఒక్క కవరు కూడా సరిగ్గా అంటించలేదు. మూడోరోజు నోరు విప్పింది.

"వాడి భార్య ఇక్కడ లేదు, సరే. పుట్టింటి కార్డు వాడి పెట్టెలో ఉంది, అక్కడికి ఎప్పటికీ పోలేను. నేను ఇక్కడైనా ఉన్నానా పెద్దమ్మా? ఉత్త నా పేరు రాస్తే ఆరుతుందా? ఎక్కడా ఆరకపోతే?"

"రాసివ్వనా?"

"వద్దు. నేనే రాస్తా."

మధ్య గీతకి కుడిపక్క, స్టాంపుకి రెండు వేళ్ళు వదిలి, అడుగున ఒక వేలు వదిలి, తన పేరూ, పదమూడో నంబరూ, వీధీ, ఊరూ, పిన్‌కోడూ రాసింది. వంగని రెండు వేళ్ళతోనే కార్డు నొక్కిపట్టింది. రాసి, ముట్టుకోకుండా, ఊదకుండా, అంచులు పట్టుకుని అలాగే నడుచుకుంటూ పోస్టాఫీసుకి వెళ్ళింది. ఇన్నాళ్ళలో పగటిపూట వీధిలోకి రావడం అదే మొదలు. వెనక ఏ అడుగు పడినా తిరిగి చూసింది. అయినా వరసలో ఐదో మనిషిగా నిలబడింది.

గుమస్తా కార్డు తీసుకుని చదివాడు. "ఈ పేరుతో దర్జీల వీధిలో ఒకావిడ ఉన్నారమ్మా. రూలు ప్రకారం ఎవరి భార్యో, ఎవరి కూతురో ఒక లైను వెయ్యాలి. ఎవరి తాలూకు?"

వరసలో వాళ్ళందరూ ఆమె వైపు తిరిగారు. ఏదో ఒక పేరు చెబితే అయిపోతుంది, ఇన్నేళ్ళూ చెప్పిందే. ఆమె కౌంటరు అంచు పట్టుకుంది.

"ఇంకో లైను లేదండీ" అంది. "అంతే. రుద్ది చూడండి."

గుమస్తా బోర్డు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. బొటనవేలు పేరు మీద పెట్టి గట్టిగా రుద్దాడు. వేలు ఎత్తి కళ్ళజోడు దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఆరిందిగా" అన్నాడు. "అయితే సరిపోయింది."

ముద్ర తీసి, ఆమె వదిలిన ఆ ఒక్క వేలు మేర ఖాళీలో వేశాడు.