పౌడరు చల్లిన కీబోర్డు

మా ఆయన కంపెనీ కంటి ఆస్పత్రుల కౌంటర్లకి కంప్యూటర్లని నడిపించే లినక్స్ వ్యవస్థ ఒకటి సొంతంగా తయారుచేసి ఇస్తుంది. అందులోకి కొత్త ప్యాకేజీ, అంటే బయటివాళ్ళు రాసిన ప్రోగ్రాము, ఏది రావాలన్నా ముందు దాని డిజిటల్ సంతకం సరిచూసి, కొన్నాళ్ళు ఒక మామూలు మనిషి కంప్యూటర్లో ఉంచి, ఏ గొడవా లేకపోతేనే ఆస్పత్రులకి పంపాలని వాళ్ళ నియమం. ఆ మామూలు మనిషి మా అత్తగారు. ఈ మాట ఆవిడ ముందు మాత్రం అనకండి.

ఆవిడ కంప్యూటర్లో పేకముక్కలు పేర్చుకుంటారు, చెల్లెలితో మాట్లాడతారు, కంప్యూటరు ఏ ప్రశ్న అడిగినా "వద్దు" అని నొక్కుతారు. ఇంతకన్నా గట్టి పరీక్ష ఎక్కడా దొరకదని మా ఆయన మురిసిపోతుంటారు.

ఈసారి వచ్చింది రోగుల చీటీలు పెద్ద అక్షరాలతో అచ్చువేసే ప్యాకేజీ. సోమవారం ఆస్పత్రులన్నిటికీ వెళ్ళాలి. అది అత్తగారి కంప్యూటర్లో చేరిన మర్నాడే ఇంట్లో నామీద విచారణ మొదలైంది.

మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసి లేచేసరికి కంప్యూటరు వెచ్చగా ఉందట, లోపల ఫ్యాను రొద పెడుతోందట. నేను ముట్టుకోలేదన్నాను. నమ్మినట్టు తలూపారు. ఆ తలూపడానికి అర్థం నాకు పెళ్ళైన కొత్తలోనే తెలిసింది. సాయంత్రం కాఫీ ఇస్తే కప్పు ఎత్తి అడుగు కూడా చూసి మరీ తాగారు.

మర్నాడు మధ్యాహ్నం పడుకోబోయే ముందు కీబోర్డు మీద మొహానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లారు. వంటింటి గుమ్మంలోంచి నేను చూస్తున్నానని తెలిసీ తెలియనట్టే చల్లారు. నేనూ చూడనట్టే చూశాను. ఇలాంటి మర్యాదల మీదే మా ఇల్లు సాఫీగా నడుస్తోంది.

ఆవిడ గురక అందుకున్న కాసేపటికి ఫ్యానూ అందుకుంది. వెళ్ళి చూశాను. పౌడరు మీద ఒక్క వేలిముద్ర లేదు. ఈలోగా ఆవిడ లేచి నా వెనకే నిలబడ్డారు.

"పౌడరు చెదరలేదు కదా అత్తయ్యా," అన్నాను.

"మళ్ళీ చల్లి ఉంటావు. డబ్బాలో తగ్గినట్టే ఉంది," అన్నారు.

ఇక నా తరఫున వాదించుకోవడం దండగ. కానీ నేను ముట్టుకోలేదు, ఆవిడ నిద్రలో ఉన్నారు. మరి లోపల కూర్చుని అంత చెమటోడుస్తున్నది ఎవరు?

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. సంతకం సరిపోయింది, పాత కంప్యూటరు వేడెక్కకేం చేస్తుందని తేలిగ్గా తీసేశారు.

"సంతకం సరిపోతే పంపింది ఫలానావాడని తెలుస్తుంది. వాడు మంచివాడని ఎవరు సంతకం పెట్టారండీ?" అన్నాను. "మీ అమ్మ నన్ను అనుమానించినదాంట్లో సగమైనా మీరు ఆ ప్యాకేజీని అనుమానించారా?"

మాట తగలాల్సిన చోటే తగిలింది. విప్పి చూశారు. చీటీలు అచ్చువేసే భాగం శుభ్రంగానే ఉంది. ప్యాకేజీ చేరేటప్పుడు ఒకే ఒక్కసారి నడిచే చిన్న స్క్రిప్టు, అంటే ఆదేశాల జాబితా, ఒకటుంది, దాన్ని ఈయన చదవనే లేదు. ఎవరూ కీబోర్డు ముట్టని వేళ చూసి ముక్కూమొహం తెలియనివాళ్ళకి డబ్బు తెచ్చిపెట్టే లెక్కలు చేసే దొంగ ప్రోగ్రాము ఒకదాన్ని అది గుట్టుగా అంటించి పోతోంది. ఆరా తీస్తే, ప్యాకేజీ తయారుచేసినాయన విసుగెత్తి దాన్ని, సంతకం పెట్టే డిజిటల్ తాళంచెవితో సహా, ఇంకెవరికో అప్పగించేశాడట. సంతకం పాతదే, చెయ్యి మాత్రం కొత్తది. మా ఆయన మొహం పౌడరు రంగుకి తిరిగింది. ఆఫీసుకి ఫోన్ చేసి సోమవారం పంపకం ఆపించారు.

తర్వాత తల్లి పక్కన కూర్చుని, తప్పు కోడలిది కాదని, ప్యాకేజీదని ఓపిగ్గా చెప్పారు. ఆవిడ అంతా విన్నారు.

"దాన్ని ఇంట్లోకి తెచ్చిందెవర్రా?"

అప్పటినుంచి ఏ ప్యాకేజీ వచ్చినా దాని స్క్రిప్టు ముందు ఆవిడకి చదివి వినిపించాలి. ప్రతి వరసకీ "ఇదెందుకు?" అంటారు. సగంసార్లు ఈయనకి జవాబు తెలియక వెళ్ళి కనుక్కుని వస్తున్నారు. ఆఫీసులో ఈ పద్ధతికి మంచి పేరొచ్చిందట, ఆవిడ పేరు మాత్రం చెప్పలేదట.

నిన్న మధ్యాహ్నం ఆవిడ మళ్ళీ కీబోర్డు మీద పౌడరు చల్లుతుంటే, దొంగ ప్యాకేజీ తీసేశారు కదా అత్తయ్యా, ఇంకెందుకని అడిగాను.

"అది పోయింది సరే," అన్నారు దుప్పటి లాక్కుంటూ, "నువ్వున్నావుగా."