జ్లాత్కా వంతు గోధుమలు

కాలర్ తిరగేసి, అంచు నొక్కి సూది కిందికి తోసింది జ్లాత్కా. ఎడమ పిక్క నిన్నటికన్నా ఉబ్బింది. మేజోడు అంచు చర్మంలోకి దిగి ఎర్రటి గాడి పెట్టింది. కుడికాలు మామూలుగానే ఉంది. ఒక్క కాలే ఉబ్బితే అది కొవ్వెలా అవుతుంది? నిన్న ఆస్పత్రిలో అదే అడిగింది.

"ముందు బరువు తగ్గి రా. రొట్టె మానెయ్," అన్నాడు డాక్టరు. కాలు చూడాలంటే కాస్త వంగాలి, అంతే. వంగలేదు.

ఇరవై ఆరేళ్ళ పిల్ల. హాస్కొవో ఊరి బట్టల ఫ్యాక్టరీలో కుర్చీ చేతులు తొడలకు ఒరుసుకుంటుంటే రంపంతో కోయించుకుని కూర్చుంది. తమ్ముడూ తనూ ఒకే కుండలో చిక్కుడు పులుసు తాగి పెరిగారు. వాడు వెదురుబద్ద, తను నాన్నమ్మ పోలిక. పోయినేడు కుర్రకారు రక్తం పరీక్షించడానికి ప్లోవ్‌దివ్ నగరం నుంచి వచ్చిన డాక్టరమ్మ ఒక్కతే మనిషిలా మాట్లాడింది. "జన్యువులో ఒక తేడా నీకు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ వచ్చింది. కడుపు నిండినట్టు నీకు ఆలస్యంగా తెలుస్తుంది. ఒళ్ళు చేసే ప్రమాదం ఎక్కువ. అయినా అది తలరాత కాదమ్మా. బాగా నడువు."

నడవాలట. ఒంటేలుకి లేవాలన్నా చెయ్యెత్తి అడగాల్సిన చోట!

మధ్యాహ్నం పక్క మిషన్ గింకా గోధుమలు పంచింది. తల్లి పోయి నలభయ్యో రోజు. ఉడికించిన గోధుమల మీద పంచదార పొడి, అక్రోటు పలుకులు. తీసుకున్నవాళ్ళు "దేవుడు క్షమించుగాక" అని ఒక చెంచా తినాలి. ఎవరూ వద్దనకూడదు, ఎవరినీ దాటిపోకూడదు.

"దానికొద్దులే గింకా," అంది సూపర్‌వైజర్ మారియాన. "డాక్టరు నోరు కట్టుకోమన్నాడట."

"పోయినోళ్ళ గోధుమలకి డాక్టరేంటే?"

"తిండి దాని రక్తంలోనే ఉందట. మా పందికీ రక్తంలోనే ఉంది."

వరసంతా కిసుక్కుమంది. గింకా చెయ్యి గిన్నెతో గాల్లోనే ఆగిపోయింది.

"నీ పందిని కోసేటప్పుడైనా కాలు చూస్తావు కదక్కా," అంది జ్లాత్కా. "నాదెవరూ చూళ్ళేదు."

గింకా జ్లాత్కా వంతు గిన్నెలో చెంచా గుచ్చి మిషన్ పక్కన పెట్టింది. జ్లాత్కా గిన్నెని కాస్త పక్కకి జరిపింది. "తర్వాత తింటా గింకక్కా, మీ అమ్మ పేరు చెప్పుకుని," అని చెయ్యెత్తింది. "కాలు లాగేస్తోంది. కాస్త నడిచొస్తా."

"ఆ కాలర్ల కట్ట అవ్వనీ," అంది మారియాన.

కట్ట అయింది. చివరి కాలరు దారం కూడా తెంపింది. లేచి రెండడుగులు వేసింది. ఊపిరి అందలేదు. బట్టల స్టాండు పట్టుకుని మెల్లగా కిందికి జారింది. గింకా పరుగెత్తి తల ఒళ్ళో పెట్టుకుంది. అంబులెన్సు వచ్చేసరికి ఒళ్ళు చల్లబడుతోంది. "ఇంత లావుంటే గుండె ఆగదా?" అన్నాడు వచ్చినవాడు.

మర్నాడు శవాల గదిలో ఎవరో వంగి ఆ ఎడమకాలు చూశారు. పిక్కలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయింది.

మిషన్ పక్కనున్న గిన్నెని గింకా ఎవరినీ తీయనివ్వలేదు. పంచదార చెమర్చి గట్టిపడింది. ఎవరి నోటికీ తగలని చెంచా అందులో నిటారుగా నిలబడి ఉంది.