నాలుగు ఇరవై అయిదు బస్సు

గోదా నాన్న వామన్‌రావు బస్సుల ఆఫీసులో గుమాస్తా. ఏ బస్సు ఏ స్టాపుకు ఎన్నింటికి రావాలో, స్కేలుతో గడులు గీసి ఎర్ర సిరాతో రాసేది ఆయనే. శాలిబండ గడిలో నాలుగు ఇరవై అయిదు అని రాశాడు గనక, అక్కడి బడి విడిచాక గోదా అయిదింటికల్లా గౌలిగూడలో ఇంటి గడప తొక్కాలి. పదో తరగతి పిల్ల ఆరున్నరకు వస్తే తప్పు బస్సుదెట్లా అవుతుంది?

“ఏంది గోదా, గింత పొద్దుపోయింది?”

“బస్సు ఆగలె బాపూ.”

“ఎందుకాగది? చెయ్యెత్తినవా?”

“ఎత్తిన.”

“సగమే ఎత్తి ఉంటవ్. డ్రైవర్‌కు కనబడేటట్టు ఎత్తాలె.”

ఏడాదిగా ఇదే పాఠం. పోనీ నడిచి వస్తానంటే, ఆడపిల్ల పత్తర్‌గట్టి బజారులో ఒంటరిగా నడవడమేమిటని కోపం. ఫుట్‌బోర్డు మీద వేలాడితే కోపం. ఆలస్యమైతే మరీ కోపం. ఇక మిగిలింది ఎగిరి రావడమే. దాని గురించి మాత్రం ఆయన ఏమీ అనలేదు.

చివరికి తల్లి రమాబాయి విసిగిపోయింది. “రోజూ దాన్ని అడుగుడెందుకు? మీరే ఒక్కనాడు పోయి చూడుండ్రి.”

“పోతా. నాకేం భయమా?”

డెబ్బై నాలుగు జూలైలో ఒక శుక్రవారం, ఒక పూట సెలవు పెట్టి వామన్‌రావు నిజంగానే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. గోదా దోస్తులు నలుగురూ స్టాపు దాటి మూలమలుపు దగ్గర నిలబడ్డారు. అక్కడ తోపుడు బండ్లు అడ్డం ఉంటాయి, బస్సు నెమ్మదించక తప్పదు.

“మనం గూడ గాడికి పోదాం బాపూ.”

“స్టాపంటే స్టాపే. బోర్డు కిందనే నిలబడు.”

నిలబడ్డారు. నాలుగు ఇరవై అయిదు బస్సు అయిదుకు పది నిమిషాలుండగా వచ్చింది. వామన్‌రావు చెయ్యి పూర్తిగా, నిటారుగా ఎత్తాడు. బస్సు బురద చిమ్ముతూ ముందునుంచే పోయింది. రెండోదానికి గొడుగు కూడా ఎత్తాడు. “పీఛే ఖాలీ గాడీ ఆరీ!” అని కండక్టర్ కిటికీలోంచి అరిచాడు. వెనక ఖాళీ బండి వస్తోందన్న ఆ మాట గోదా రోజూ వినేదే. వామన్‌రావు నమ్మాడు. ఆ ఖాళీ బండి కోసం అరగంట నిలబడ్డాడు.

మూడో బస్సు ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసి వచ్చింది. గోదా ఇక తండ్రి మొహం చూడలేదు. సంచి తలమీద పెట్టుకొని మూలమలుపుకు పరుగెత్తింది. ఆమె కోసం అప్పటిదాకా ఆగిన దోస్తులు ముందెక్కి, చెయ్యందించి లోపలికి లాగేశారు. వెనకే వామన్‌రావు ఆయాసపడుతూ వచ్చి ఒక కాలు మెట్టు మీద మోపాడు.

“జగా నై సాబ్!” చోటు లేదని కండక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“అరే, నేను టైంటేబుల్ సెక్షన్!”

కండక్టర్ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. “అచ్ఛా? తో టైం పే ఆనా థా, సాబ్! రైట్ రైట్!”

అయితే టైముకే రావాల్సిందన్న ఆ మాటకు బస్సు జనమంతా ఘొల్లుమన్నారు. మెట్టు మీది కాలు జారి నేలకొచ్చింది. వెనకద్దంలోంచి గోదాకు గొడుగుతో నిలబడిపోయిన తండ్రి కనిపించాడు. ఆయన చెయ్యి ఇంకా ఎత్తే ఉంది. జాలిపడాలనుకుంది. కానీ నవ్వే ముందొచ్చింది.

ఆమె ఆరుకల్లా ఇల్లు చేరింది. వామన్‌రావు ఏడు దాటాక, తెగిన చెప్పు చేత్తో పట్టుకొని, పత్తర్‌గట్టి, అఫ్జల్‌గంజ్ మీదుగా నడిచి వచ్చాడు. రమాబాయి నీళ్లిచ్చింది. ఇప్పుడైనా బిడ్డ చెప్పింది నిజమేనంటాడని గోదా గుమ్మంలో నిలబడింది.

ఆయన గ్లాసు కింద పెట్టి, “ఆ బస్సు నెంబర్ చూసినవా?” అన్నాడు.

“లేదు బాపూ.”

“గదైనా చూడొద్దా? గింత చదివి ఏం ఫాయిదా?”

సోమవారం నుంచి నర్సింహ రిక్షా కుదిరింది. ఒక్క రిక్షాలో ఆరుగురు పిల్లలు. ఎత్తొచ్చిన చోటల్లా దిగి వెనకనుంచి తోయాలి. అయినా గోదా అయిదుంబావుకు ఇంట్లో ఉంటోంది. తోస్తూ వచ్చినా సరే, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

నెల తర్వాత ఒక ఆదివారం, వామన్‌రావు ఆఫీసు దోస్తు విఠల్‌రావు ఇంటికొచ్చాడు. ఆయన బిడ్డ కూడా అదే బళ్లో చేరిందట.

“బస్సుల నమ్ముకోకు భాయ్. మస్తు లొల్లి. రిక్షా మాట్లాడుకో,” అన్నాడు వామన్‌రావు, కొత్త టైంటేబుల్ కాగితం మీంచి తలెత్తకుండానే.

చాయ్ ఇవ్వడానికి వంగిన గోదా ఆ కాగితం చూసింది. పిల్లల సౌకర్యార్థమని, శాలిబండ గడిలో నాలుగు ముప్పై అయిదుకు ఇంకో బస్సు వేస్తున్నాడు.